సైనిక జ్ఞాపికల సంరక్షణ

సైనికులు సేవాకాలంలో వాడినవి, బహుమతిగా పొందినవి, యుద్ధరంగం నుంచి వెంట తెచ్చుకున్నవి సైనిక జ్ఞాపికలు. పతకాలు, రిబ్బన్లు, యూనిఫారాలు, టోపీలు, బ్యాడ్జీలు, బెల్టులు, కత్తులు, దిక్సూచులు, పటాలు, ఉత్తరాలు, ఫొటోలు, డిశ్చార్జి పుస్తకాలు ఈ కోవలోకి వస్తాయి. మ్యూజియాలకు చేరినవి వీటిలో కొద్ది భాగమే. ఎక్కువ భాగం ఇళ్లలోనే, ట్రంకుపెట్టెల్లో, బీరువా అడుగు అరల్లో, అటకల మీద ఉండిపోయింది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరు స్థిరపడటానికి కారణం, ప్రపంచ యుద్ధాల కాలం నుంచి తరతరాలుగా ఆ ఊరి కుటుంబాలు సైన్యానికి మనుషులను పంపుతూ రావడమే. అలాంటి ఊళ్లలో ఒక్కో పెట్టెలో ఉన్న సామగ్రి చిన్న మ్యూజియంలో ఒక గదికి సరిపోతుంది.

ఈ వస్తువులు దొంగతనం వల్ల పోయేదానికంటే తేమ, ఎండ, పురుగుల వల్ల పోయేది ఎక్కువ. వాటికి తోడు ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే శుభ్రం కూడా పెద్ద నష్టమే చేస్తుంది. పతకాన్ని తళతళలాడేలా తోమడం, యూనిఫారాన్ని ఉతికి గంజి పెట్టడం, పాత ఉత్తరాన్ని లామినేట్ చేయించడం గౌరవంతో చేసే పనులే. కానీ వస్తువు మీద మిగిలిన ఆధారాలను చెరిపేసేవి అవే. అందుకే సంరక్షణ నిపుణులు వస్తువును బాగుచేయడం కంటే దాని చుట్టూ ఉన్న పరిస్థితులను బాగుచేయడానికే ముందు చూస్తారు. ఈ వ్యాసంలో చెప్పిన జాగ్రత్తల్లో చాలావాటికి ఖర్చు కూడా తక్కువ.

చోటు, తేమ, వెలుతురు

రకరకాల వస్తువులు కలిసి ఉన్న గదుల్లో గాలిలోని సాపేక్ష తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా మ్యూజియాలు చూసుకుంటాయి. 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిచిందంటే బూజు మొదలవుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపట్టణాల్లో ఏడాదిలో చాలా నెలలు తేమ ఈ హద్దుకు పైనే ఉంటుంది. హైదరాబాద్, అనంతపురం వైపు వేసవిలో గాలి ఎండిపోయి, వానలు పడగానే ఒక్కసారిగా తేమెక్కుతుంది. ఈ హెచ్చుతగ్గులకు చెక్క బీటలు వారుతుంది, తోలు ముడుచుకుంటుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గదిలోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి ఏసీ లేకపోయినా రోజంతా ఒకే తీరుగా ఉండే గది మేలు.

ఇంట్లో అన్నిటికంటే చెడ్డ చోటు అటక. ఎండాకాలంలో పైకప్పు వేడంతా అక్కడే చేరుతుంది, వానాకాలంలో కప్పు కారితే ముందు తడిసేదీ అక్కడి సామానే. వంటగది, స్నానాలగది గోడలకు ఆనుకున్న బీరువాలు, పడమటి ఎండ తగిలే గోడలు కూడా పనికిరావు. ఇంటి నడిమి గదిలో, లోపలి గోడకు కొంచెం ఎడంగా, నేలకు కనీసం అడుగు ఎత్తున పెట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు కిటికీలు పగిలి, కప్పులు లేచిపోయి, ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. తీరంలో ఉండేవారు ముఖ్యమైన కాగితాలు, పతకాలు ఒకే మూత బిగుతు డబ్బాలో ఉంచుకుంటే తుపాను హెచ్చరిక రాగానే చేతబట్టుకుని బయటపడవచ్చు.

ఉప్పుగాలి ఎంత పని చేస్తుందో ఐఎన్ఎస్ కురుసుర చెబుతుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న ఈ జలాంతర్గామి 2002 నుంచి విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిచి ఉంది. సముద్రాన్ని తట్టుకోవడానికే కట్టిన ఉక్కుకు కూడా ఒడ్డున నిలబెట్టాక ఎడతెగని నిర్వహణ అవసరమవుతోంది. అదే వీధిలో ఒక ఇంటి షోకేసులో ఉన్న ఇత్తడి బ్యాడ్జీకి, ఇనుప హెల్మెట్‌కు తగిలేదీ ఆ గాలే.

వెలుతురు చేసే చేటు పోగుపడుతూ పోతుంది, వెనక్కి రాదు. బట్టలు, రిబ్బన్లు, నీటిరంగుల మీద వెలుగు 50 లక్సులు మించకూడదని మ్యూజియాలు నియమం పెట్టుకున్నాయి. మామూలు గదిలో కిటికీ పక్కన వెలుగు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పతకం రిబ్బను రంగు అలంకారం కోసం పెట్టింది కాదు. మహావీర చక్రం రిబ్బను సగం తెలుపు, సగం నారింజ. వీరచక్రం రిబ్బను సగం ముదురు నీలం, సగం నారింజ. నారింజ వెలిసిపోతే మహావీర చక్రం రిబ్బను వట్టి తెల్లపట్టీగా మిగులుతుంది. హాల్లో గోడకు ఫ్రేము కట్టి పెట్టాలనుకునేవారు కొత్త రిబ్బనుతో నకలు పతకాన్ని ప్రదర్శనకు ఉంచి, అసలును చీకట్లో దాచుకోవడం ఉత్తమం.

పతకాలు, ఇతర లోహాలు

పతకం ఏ లోహమో ముందు తెలుసుకోవాలి. పరమవీర చక్రం కంచుది. మహావీర చక్రం, వీరచక్రం, కీర్తి చక్రం వెండివి. శౌర్యచక్రం కంచు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న భారతీయ సైనికులకు ఎక్కువగా దక్కిన జంటలో బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, విక్టరీ మెడల్ కంచుది. రెండో యుద్ధపు వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్ రాగి, నికెల్ మిశ్రమం. బర్మా స్టార్ పసుపురంగు రాగి మిశ్రమం. ఇంట్లో ఈ తేడా తెలియక అన్నిటినీ ఒకే పొడితో తోమేస్తుంటారు.

వెండి నల్లబడటానికి కారణం గాలిలోని గంధకపు వాయువులు. ఉన్ని బట్ట, రబ్బరు కూడా ఈ వాయువులను వదులుతాయి. అందుకే ఉన్ని కోటు జేబుకు గుచ్చి పెట్టిన పతకం విడిగా దాచినదానికంటే త్వరగా నల్లబడుతుంది. ఆ నలుపు వెండి సల్ఫైడు పొర. తోమినప్పుడల్లా ఆ పొరతోపాటు కొంత వెండి కూడా పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం సన్నని అక్షరాల్లో చెక్కి ఉంటాయి. ఏళ్ల తరబడి పండుగ పండుగకూ తోమిన పతకాల మీద మొదట అరిగిపోయేవి ఆ అక్షరాలే. పేరు పోయిన పతకం ఎవరిదో చెప్పడానికి వేరే దారి ఉండదు. చింతపండు, బూడిద, ముగ్గుపిండి, బజారులో దొరికే ఇత్తడి తోమే ద్రవాలు ఏవీ పతకాల దగ్గరకు రాకూడదు. మెత్తని నూలుగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. ముట్టుకునేముందు నైట్రైల్ గ్లౌజులు తొడుక్కోవాలి, ఎందుకంటే చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే లోహంలోకి దిగి మచ్చ కడుతుంది.

వెండి మీద ఉన్న ఆశ కూడా ఈ పతకాలకు శత్రువే. 1980 ప్రాంతంలో ప్రపంచ మార్కెట్లో వెండి ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు బ్రిటిష్ వార్ మెడల్స్ ఎన్నో కరిగిపోయాయి. జంటలో కంచుది మాత్రమే మిగిలిన కుటుంబాలు కనిపించేది అందుకే.

ఇత్తడి గురించి సంరక్షణ శాస్త్రానికి ఒక పెద్ద పాఠం మన దేశంలోని సైనిక గిడ్డంగులే నేర్పాయి. బ్రిటిష్ ఇండియా సైన్యంలో వానాకాలం తూటాలను గుర్రపుసాలల్లో భద్రపరిచేవారు. వానలు వెలిశాక చూస్తే ఇత్తడి తొడుగులు వాటంతటవే నిలువునా చిట్లి ఉండేవి. కాలాన్నిబట్టి వస్తుంది కాబట్టి దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, తేమ, సాగదీసి తయారుచేయడం వల్ల ఇత్తడిలో నిలిచిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే లోహం చిట్లుతుందని 1921లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఇత్తడి బొత్తాలు, బ్యాడ్జీలు, బ్యూగిళ్లు ఉన్నచోట అమ్మోనియా కలిసిన నేల తుడిచే ద్రవాలు, పాలిష్‌లు వాడకూడదనడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

రాగి, కంచు వస్తువుల మీద నున్నగా పరుచుకున్న గోధుమరంగు పొర లోహాన్ని కాపాడుతుంది, దాన్ని తీయకూడదు. పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే మాత్రం అది వేరే సంగతి. లోహంలో ఉప్పు చేరి, తేమ తగిలినప్పుడల్లా లోపలికి తొలుచుకుపోయే జబ్బది. అలాంటిదాన్ని మిగతావాటి నుంచి విడదీసి, సిలికా జెల్ వేసిన బిగుతు డబ్బాలో పొడిగా ఉంచి నిపుణులకు చూపించాలి.

లోహాలకు చెక్కపెట్టె మంచిదనుకోవడం పొరపాటు. దాదాపు ప్రతి చెక్కా ఎంతోకొంత ఆమ్లపు ఆవిరిని వదులుతుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ మరీ ఎక్కువ. చెక్క అరల్లో మూసి ఉంచిన సీసపు గుండ్లు కొన్నేళ్లకు తెల్లని పొడిగా మారిపోవడం మ్యూజియాలకు బాగా తెలిసిన నష్టం. పాలిథీన్, పాలీప్రొపిలీన్ డబ్బాలు, ఆమ్లంలేని కాగితం సురక్షితం. పీవీసీ కవర్లు జిగురెక్కి ఆమ్లం వదులుతాయి కాబట్టి వాటికి దూరంగా ఉండాలి. పతకాలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా చుట్టుకోవాలి.

కత్తిని తోలు ఒరలో ఉంచి భద్రపరచడం అనాదిగా వస్తున్న అలవాటు. కానీ తోలును పదును చేయడానికి వాడిన టానిన్లు, తోలు పీల్చుకున్న తేమ కలిసి లోపలి ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి. కత్తి, ఒర పక్కపక్కనే విడిగా ఉండాలి. అలుగు మీద మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పూసి మెత్తని గుడ్డతో రుద్దితే చాలాకాలం కాపాడుతుంది. కొబ్బరినూనె దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది, వాడవద్దు.

యూనిఫారం, బట్ట

యూనిఫారం మీది మరక కూడా చరిత్రే. నెత్తురు, మట్టి, నూనె మరకలు ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో, ఏం అనుభవించాడో చెప్పే సాక్ష్యాలు. వాటిని ఉతికి పోగొడితే తిరిగి రావు. దుమ్ము పట్టి ఉంటే మెత్తని వల అడ్డుపెట్టి, తక్కువ పీల్పుతో వాక్యూం చేయడమే ఇంట్లో చేయదగిన శుభ్రం. డ్రైక్లీనింగ్ దుకాణానికి పంపడం కూడా వద్దు.

గంజి పెట్టి ఇస్త్రీ చేసి దాచిన ఖాకీ చొక్కా సిల్వర్ ఫిష్ అనే వెండిరంగు పురుగుకు విందు. అది గంజి కోసం బట్టను గీరి తింటుంది. ఉన్నిని కొట్టే పురుగులు వేరు. వాటికి చెమట, నూనె అంటిన మెడపట్టీ, చంకలు ముందు రుచిస్తాయి. మన ఇళ్లలో అన్నిటికీ కలరా ఉండలే మందు. వాటిలోని నాఫ్తలిన్ ఆవిరి ప్లాస్టిక్ బొత్తాలను, కొన్ని రంగులను దెబ్బతీస్తుంది, బట్ట మీద గడ్డకట్టి నిలుస్తుంది, పసిపిల్లల్లో కొందరికి రక్తకణాలు చితికిపోయేంత ప్రమాదం తెస్తుంది. వేపాకు, వస కొమ్ము పాతకాలపు ఉపాయాలు. పురుగును కొంత దూరం పెడతాయేమో గాని, పట్టిన పురుగును చంపవు. ఆకు బట్టకు తగిలితే మరక కూడా పడుతుంది.

పురుగు పట్టిన బట్టకు మ్యూజియాలు నమ్ముకున్న మందు చలి. వస్తువును పాలిథీన్ సంచిలో గాలి తీసి బిగించి, మైనస్ 18 నుంచి 20 డిగ్రీల డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక కనీసం ఒక రోజు సంచి విప్పకూడదు. వెంటనే విప్పితే గాలిలోని తేమ బట్ట మీద నీరై కూర్చుంటుంది. గాజు, రంగు వేసిన లోహం, ప్లాస్టిక్ అతికించిన వస్తువులకు ఈ పద్ధతి పనికిరాదు.

తర్వాత బట్టను మడతలు తక్కువ పడేలా పెద్ద అట్టపెట్టెలో పడుకోబెట్టడం మంచిది. మడత పడేచోట ఆమ్లంలేని కాగితాన్ని ఉండచుట్టి పెట్టాలి. అది దొరకని ఊళ్లలో పలుమార్లు ఉతికి, గంజి, నీలిమందు పెట్టకుండా ఆరబెట్టిన తెల్లని నూలుగుడ్డ బాగానే పనిచేస్తుంది. ఆరు నెలలకోసారి తీసి మడత చోటు మార్చాలి. ఇనుప హ్యాంగరు భుజాలను చీలుస్తుంది. వేలాడదీయక తప్పదంటే దూది, గుడ్డ చుట్టిన వెడల్పాటి హ్యాంగరు వాడాలి. ఇత్తడి బొత్తాల కింద చిన్న కాగితం ముక్క పెడితే చిలుము బట్టకు అంటదు. జరీ పని ఉన్న భుజపట్టీలను దొర్లించి చుట్టకూడదు, దారం తెగుతుంది.

తోలు, రబ్బరు గురించి ఒకటి రెండు మాటలు చాలు. బూటుకు పాలిష్, నూనె పదేపదే పెడితే తోలు మెత్తబడి, జిగురెక్కి, బూజును పిలుస్తుంది. లోపల కాగితం దూర్చి ఆకారం నిలిపితే సరిపోతుంది. రబ్బరు ఎలాగూ గట్టిపడి పెళుసవుతుంది. దాన్ని వెండికి దూరంగా, చీకట్లో ఉంచడమే మనం చేయగలిగింది.

ఉత్తరాలు, ఫొటోలు

చరిత్రకారుడికి పతకం కంటే ఉత్తరమే ఎక్కువ చెబుతుంది. 56 ఏపీఓ, 99 ఏపీఓ చిరునామాలతో ఊళ్లకు వచ్చిన ఉత్తరాలు, రెండో యుద్ధకాలపు సెన్సారు ముద్రలున్న కవర్లు, ఇంట్లో ఎవరో చదివి పెట్టగా విన్న టెలిగ్రాములు వీటిలో ఉంటాయి. కవరును పారేసి ఉత్తరాన్ని మాత్రమే దాచుకునే ఇళ్లు ఎక్కువ. తేదీ, దళం తెలిసేది కవరు మీది ముద్రల నుంచే, కాబట్టి రెండూ కలిసి ఉండాలి.

కాగితాలకు లామినేషన్ తీరని కీడు. వేడితో కరిగిన ప్లాస్టిక్ కాగితపు పోగుల్లోకి ఇంకిపోతుంది, తర్వాత ఏ నిపుణుడూ పూర్తిగా విడదీయలేడు. సెలోటేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై అక్షరాలను మింగుతుంది. పిన్నులు, క్లిప్పులు తుప్పుపడతాయి. వాటిని నెమ్మదిగా తీసేసి, ఉత్తరాన్ని మడతలు విప్పి, పాలిస్టరు కవర్లో పరచి ఉంచుకోవాలి. జిగురు పుటల ఆల్బమ్‌లలోని ఫొటోలు బలవంతంగా పీకితే చిరుగుతాయి. ముందు ఆల్బమ్‌తో సహా ఫొటో తీసుకుని, ఆ తర్వాత ఆలోచించాలి. స్కానింగు 600 డీపీఐలో చేసి, రెండు వేర్వేరు డ్రైవుల్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఉంచితే మంచిది. వాట్సాప్‌లో పంపిన ఫొటో నకలుగా పనికిరాదు, పంపేటప్పుడే దాని నాణ్యత తగ్గిపోతుంది.

ప్రమాదం, చట్టం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన పాత బాంబు, షెల్లు, గ్రెనేడు ఎన్నేళ్లయినా పేలగలవు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి రసాయనాలు మరింత అస్థిరమవుతాయి. పెట్టెలో గుండ్రని బరువైన లోహపు వస్తువు ఏదో తెలియకుండా కనిపిస్తే కదిలించకుండా పోలీసులకు చెప్పాలి. వాళ్లు బాంబు నిర్వీర్య దళాన్ని పిలుస్తారు.

కంటికి కనిపించని ప్రమాదాలు మరికొన్ని. రెండో యుద్ధం నాటి గ్యాస్ మాస్కుల వడపోత డబ్బాల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, పిల్లల ముఖానికి తొడిగి ఫొటోలు తీయకూడదు. చీకట్లో వెలిగే పాత దిక్సూచులు, గడియారాలు, విమాన పరికరాల ముళ్లకు రేడియం రంగు పూసేవారు. వెలుగు ఆగిపోయినా రేడియం ఆగదు, దాని అర్ధాయువు 1600 ఏళ్లు. వాటి గాజు మూత విప్పకుండా, పడకగదికి దూరంగా, గాలి ఆడేచోట ఉంచాలి. 1950ల మొదటి వరకూ వాడిన నైట్రేటు ఫిల్ము సులువుగా అంటుకుంటుంది.

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ ఇంట్లో ఉండాలంటే లైసెన్సు కావాలి. మరమ్మతు చేసినా పేల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకు చట్టం మినహాయింపు ఇస్తుంది. కానీ అది పనికిరాదని తేల్చేది అధికారులే. కత్తులు, బాయినెట్ల నియమాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి కాబట్టి కలెక్టరు కార్యాలయంలో లేదా పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోవడం క్షేమం. తాత జ్ఞాపకంగా ఒక తూటాను బ్యాగులో వేసుకుని విమానాశ్రయానికి వెళ్లినా కేసు అవుతుంది. 1972 పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను దేశం దాటించడాన్ని నియంత్రిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధపు సామగ్రి ఇప్పుడు ఆ వయసుకు చేరింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలు వాటిని వెంట తీసుకువెళ్లేముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖను సంప్రదించాలి.

వివరాల నమోదు, అప్పగింత

వస్తువు ఎంత బాగున్నా అది ఎవరిదో తెలియకపోతే దాని విలువలో చాలా భాగం పోయినట్టే. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇచ్చి, మెత్తని పెన్సిలుతో రాసిన చీటీని నూలుదారంతో కట్టాలి. అంటించడం, వస్తువు మీద పెన్నుతో రాయడం వద్దు. పుస్తకంలో ఆ సంఖ్య ఎదురుగా సైనికుడి పేరు, సర్వీసు నంబరు, దళం, కాలం, వస్తువు ఎవరి చేతినుంచి ఎవరికి వచ్చింది, దాని గురించి ఇంట్లో చెప్పుకునే మాటలు రాసుకోవాలి. రూఢిగా తెలిసినది, విన్నది వేర్వేరు గడుల్లో ఉండాలి. ఒకే వ్యక్తి పతకాలను అన్నదమ్ములు పంచుకోవడం మన ఇళ్లలో మామూలు. పంచుకునేముందు అన్నిటినీ కలిపి ఫొటో తీసి, ఏది ఎవరి దగ్గర ఉందో ఆ పుస్తకంలో రాసుకుంటే తర్వాతి తరం వాటిని తిరిగి కలపగలుగుతుంది.

చేయి మించిన పనులకు సంస్థలున్నాయి. 1976లో లక్నోలో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనశాల, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ సంరక్షణ కేంద్రాలు, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ప్రయోగశాల ఈ రంగంలో అనుభవమున్నవి. వస్తువులను ఏదైనా సైనిక మ్యూజియానికో రాష్ట్ర మ్యూజియానికో ఇవ్వదలిస్తే, వాటి జాబితాతో రాతపూర్వకంగా ఇవ్వాలి. వాటిని ప్రదర్శిస్తారా, గిడ్డంగిలో ఉంచుతారా, కుటుంబం వచ్చి చూడవచ్చా అన్నవి ముందే అడగాలి. చూసుకునేవాళ్లు లేని ఇంట్లో చెదలపాలు కావడం కంటే అప్పగించడమే మేలు.

1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల వయసులో పోరాడినవారు ఇప్పుడు డెబ్బై దాటారు. రెండో ప్రపంచ యుద్ధం చూసినవారిలో జీవించి ఉన్నవారు నూరేళ్ల అంచున ఉన్నారు. ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ నెలలోనే పెట్టె తెరిచి, ఒక్కో వస్తువూ వారి చేతికిచ్చి, చెప్పింది చెప్పినట్టు వారి మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేయండి. సిలికా జెల్, మంచి పెట్టె తర్వాత కొనుక్కోవచ్చు.